కారు హెడ్‌లైట్ పసుపెక్కిందా? మెరుపు చూసి డబ్బులివ్వకండి, పూత వేశారా అని అడగండి

సూర్యాపేట దాటాక, రాత్రి పదిన్నర ప్రాంతంలో, విజయవాడ హైవే మీద నా పాత కారు లైట్లు సరిగ్గా వెలగడం లేదనిపించింది. పక్కకు ఆపి దిగి చూశాను. రెండూ వెలుగుతున్నాయి. కానీ రోడ్డు మీద పడాల్సిన వెలుతురు లైటు ముఖం మీదే ఆగిపోయినట్టుంది, పాలు కలిపిన నీళ్ల గ్లాసులోకి టార్చి వేసినట్టు. బల్బులు అంతకు రెండు నెలల ముందే మార్చినవి. లోపం బల్బులో లేదు, దాని ముందున్న ప్లాస్టిక్‌లో ఉంది.

ఏడెనిమిదేళ్లు ఎండలో నిలబడ్డ కార్లను ఏ అపార్ట్‌మెంట్ పార్కింగులో చూసినా ఈ పసుపు, ఈ మసక కనిపిస్తుంది. చాలామంది దీన్ని అందానికి సంబంధించిన విషయంగానే చూస్తారు. బంపర్ మీద గీతలాగా, ఎప్పుడో తీరిక దొరికినప్పుడు చూద్దాం అనుకుంటారు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. ప్రమాదాలు ఎక్కువగా జరిగేది సాయంత్రం 6 నుంచి రాత్రి 9 మధ్య. మొత్తంలో దాదాపు ఐదో వంతు ఆ మూడు గంటల్లోనే. దీనికంతటికీ హెడ్‌లైట్లే కారణం అనడం లేదు. కానీ లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ, రోడ్డు మధ్యలో పడుకున్న గేదె, చీకట్లో దాటే మనిషి ఉండే రోడ్ల మీద, ముప్పై మీటర్ల ముందు కనిపించడానికీ అరవై మీటర్ల ముందు కనిపించడానికీ ఎంత తేడానో నడిపేవాళ్లకు తెలుసు.

ఎంత వెలుతురు పోతుంది?

కంటితో చూస్తే ఏదో కొంచెం తగ్గిందనిపిస్తుంది. కొలిస్తే లెక్క వేరేలా ఉంటుంది. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ (ట్రిపుల్ ఏ) 2018లో పదకొండేళ్లు వాడిన రెండు రకాల సెడాన్ కార్ల హెడ్‌లైట్లను పరీక్షించింది. లో బీమ్‌లో అవి ఇచ్చింది కొత్త లైటు పూర్తి సామర్థ్యంలో 22 శాతం వెలుతురే. అంటే ఐదు పాళ్లలో దాదాపు నాలుగు పాళ్లు పోయాయి.

అదే పరీక్షలో పరిష్కారాలనూ కొలిచారు. కంపెనీ ఒరిజినల్ యూనిట్ వేస్తే వెలుతురు పూర్తిగా తిరిగి వచ్చింది. బయటి కంపెనీలు తయారుచేసిన యూనిట్లు 83 నుంచి 90 శాతం ఇచ్చాయి. పాతదాన్నే రుద్ది బాగుచేస్తే 70 శాతం దాకా వచ్చింది. షాపులో చేయించినా ఇంట్లో కిట్‌తో చేసుకున్నా దాదాపు అదే ఫలితం. 70 శాతం కొత్తదానితో సమానం కాదు, నిజమే. కానీ 22తో పోలిస్తే మూడింతలు. ఖర్చు కూడా లెక్కలోకి తీసుకుంటే మన దగ్గర చాలామందికి ముందు ఆలోచించాల్సిన దారి ఇదే.

పోయిన వెలుతురు ఎక్కడికి పోతుందన్నది ఇంకో సంగతి. మాయమైపోదు. మసక పొర దాన్ని నలుదిక్కులా చెదరగొడుతుంది. లో బీమ్‌కు పైన ఒక గీత గీసినట్టు హద్దు ఉంటుంది, ఎదుటివారి కళ్లలో పడకుండా. మసక ఎక్కిన లైటుకు ఆ హద్దు ఉండదు. మీకు రోడ్డు కనిపించదు, ఎదురుగా వచ్చే బైకు మనిషికి మాత్రం మీ లైటు కళ్లలో కొడుతుంది.

గాజు పోయి ప్లాస్టిక్ ఎందుకొచ్చింది?

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని గుండ్రటి లైట్లు పసుపెక్కిన జ్ఞాపకం ఎవరికీ ఉండదు. అవి గాజువి. రాయి తగిలితే పగిలేవి తప్ప మసకబారేవి కావు. అమెరికాలో 1940 నుంచీ కార్లన్నిటికీ ఒకే కొలతల గాజు సీల్డ్ బీమ్ లైట్లు తప్పనిసరి. 1983లో ఆ నిబంధన సడలించారు. మరుసటి ఏడాది మోడల్‌గా వచ్చిన లింకన్ మార్క్ సెవెన్‌తో కారు ముఖానికి తగ్గట్టు మలిచిన లైట్లు అక్కడ తిరిగొచ్చాయి. యూరప్‌లో 1990ల్లో ప్లాస్టిక్ లెన్సులకు అనుమతి దొరికింది. మన రోడ్ల మీదకు 1990ల చివర, 2000ల్లో వచ్చిన కొత్త మోడళ్లతో చేరాయి.

ఆ ప్లాస్టిక్ పేరు పాలీకార్బనేట్. గాజు బరువులో సగం కూడా ఉండదు, సుత్తితో కొట్టినా అంత సులువుగా పగలదు, ఏ వంపు కావాలంటే ఆ వంపు తిరుగుతుంది. పగిలిన గాజు పెంకులు పాదచారి మీద పడే ప్రమాదం కూడా లేదు. ఇన్ని సుగుణాల పక్కన రెండు లోపాలున్నాయి. పైభాగం మెత్తన, గోరు గట్టిగా గీసినా గీత పడుతుంది. రెండోది, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అది తట్టుకోలేదు.

అందుకే ఫ్యాక్టరీలోనే దాని మీద గట్టి పారదర్శక పూత వేస్తారు. దాని మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే. మనిషి వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుందనుకుంటే, అందులో పదో వంతు లెక్క. ఇక్కడి నుంచి చెప్పబోయేదంతా ఈ పూత కథే.

పసుపు ఎక్కడి నుంచి వస్తుంది?

ఎండ ముందు ఆ పూతను తింటుంది. ఇసుక గాలి, పొడి గుడ్డతో దుమ్ము తుడవడం, ఘాటైన డిటర్జెంట్లు దానికి తోడవుతాయి. పూతలో నెర్రెలు పడతాయి, అక్కడక్కడ పొలుసుల్లా లేస్తుంది. పూత పోయిన చోట కిరణాలు నేరుగా పాలీకార్బనేట్‌ను తాకుతాయి. దాని అణువుల గొలుసులు తెగి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పసుపు రంగు పదార్థాలుగా మారతాయి. తెల్లటి మసక గరుకుతనం వల్ల, పసుపు ఈ రసాయన మార్పు వల్ల. రెండూ కలిసే కనిపిస్తాయి కాబట్టి మనం ఒకటే అనుకుంటాం.

మీ కారునే గమనించండి. మసక సాధారణంగా లైటు పైఅంచు దగ్గర మొదలవుతుంది, ఆకాశాన్ని చూసేది అదే కాబట్టి. రోజూ ఒకే దిక్కుకు నిలిపే కారులో ఒక లైటు కంటే రెండోది ఎక్కువ పసుపెక్కుతుంది. ఒక వాహనానికి ఎండ పడే వైపు ఏదో దాని హెడ్‌లైట్లే చెబుతాయి.

అమెరికా ప్రమాణాల ప్రకారం లైట్లకు వాడే ప్లాస్టిక్‌ను ఫ్లోరిడా, అరిజోనా ఎండల్లో మూడేళ్లు ఆరుబయట ఉంచి పరీక్షించాలి. ఒకచోట తేమతో కూడిన ఎండ, ఇంకోచోట ఎడారి ఎండ. మన దగ్గర మచిలీపట్నం, రామగుండం అనుకోవచ్చు. కాకపోతే మనం కారును మూడేళ్లు కాదు, పదిహేనేళ్లు వాడతాం.

ముందు ఒక మగ్గు నీళ్లు పోసి చూడండి

షాపుకు వెళ్లేముందు చేయదగ్గ పరీక్ష ఒకటుంది. లైటును శుభ్రంగా కడిగి, తడిగా ఉండగానే చూడండి. నీళ్లు పారుతున్నంతసేపు అద్దంలా కనిపించి, ఆరగానే మళ్లీ మసకబారితే అదృష్టవంతులు. లోపం బయటి ఉపరితలంలో ఉంది, గరుకు గుంటల్లో నీళ్లు నిండడం వల్ల స్పష్టంగా కనిపించింది. రుద్ది పూత వేస్తే సరిపోతుంది.

తడిపినా మసక అలాగే ఉంటే మూడు అనుమానాలు: పసుపు లోతుగా దిగింది, లోపలి వైపు పొగ చూరింది, లేదా ప్లాస్టిక్ లోపలే సన్నటి చీలికలు వచ్చాయి. వీటిలో చివరి రెండింటికీ బయట ఎంత రుద్దినా లాభం లేదు. బల్బు వెనుక ఉండే వెండి రంగు రిఫ్లెక్టర్‌ను కూడా చూడండి. అది అద్దంలా కాకుండా బూడిద రంగులో, కాలినట్టు ఉంటే యూనిట్ మార్చడం తప్ప దారి లేదు. ముందున్న ప్లాస్టిక్ కొత్తదైనా వెనుక అద్దం లేకపోతే వెలుతురు ముందుకు రాదు.

రుద్దడం అంటే ఏం చేస్తారు?

పని కష్టమైంది కాదు, ఓపికతో చేసేది. పెయింట్ షాపుల్లో దొరికే వాటర్ పేపరే ప్రధాన పరికరం. ముందు లైటు చుట్టూ పెయింట్ మీద మాస్కింగ్ టేప్ రెండు వరసలు అంటించాలి. ఇది మానేసి బానెట్ అంచు గీకేసుకున్నవాళ్లు చాలామంది.

పూత పొలుసులుగా లేచి ఉంటే 400 లేదా 600 నంబరు పేపర్‌తో మొదలుపెట్టాలి. కొద్దిపాటి మసకే అయితే 1000 చాలు. నీళ్లు ధారగా పోస్తూ రుద్దాలి, పొడిగా రుద్దకూడదు. మొదట కారే నీళ్లు పసుపుగా, పాలలా వస్తాయి. అది పాత పూత, చెడిన ప్లాస్టిక్. నీళ్లు తెల్లగా మారి, లైటు మొత్తం ఒకే రకమైన మంచు గాజులా అయ్యేదాకా ఆపకూడదు. ఈ దశలో లైటు మొదటికంటే ఘోరంగా కనిపిస్తుంది. భయపడి మధ్యలో ఆపేసేది ఇక్కడే.

తరువాత 800, 1000, 1500, 2000, కావాలంటే 3000. పేపర్ మార్చినప్పుడల్లా రుద్దే దిశ మార్చాలి. ఒకసారి అడ్డంగా రుద్దితే ఇంకోసారి నిలువుగా. ముందు పేపర్ వేసిన గీతలు పూర్తిగా పోయాయో లేదో అప్పుడే తెలుస్తుంది. తొందరపడి 600 నుంచి 2000కు దూకితే, పూత వేశాక ఆ గీతలు రాత్రిపూట లైటు వెలుగులో స్పష్టంగా కనిపిస్తాయి.

ఆ తర్వాత రబ్బింగ్ కాంపౌండ్ పట్టించి బఫింగ్ మెషిన్‌తో మెరిపిస్తారు. చాలా షాపుల్లో పని ఇక్కడితో అయిపోతుంది. ఫోన్‌లో ముందు-తర్వాత ఫొటోలు తీసి చూపిస్తారు, మనం సంతోషంగా డబ్బులిచ్చి వస్తాం. నేనూ అలాగే వచ్చాను. తర్వాతి ఎండాకాలం ముగిసేసరికి నా కారు లైట్లు మొదటికంటే ముదురు పసుపెక్కాయి. షాపతన్ని అడిగితే ‘మళ్లీ చేయించుకోవాలి సార్, అందరూ అంతే’ అన్నాడు.

అతను అబద్ధం చెప్పలేదు. కానీ ఎందుకో చెప్పలేదు. రుద్దినప్పుడు పసుపుతోపాటు ఫ్యాక్టరీ పూతలో మిగిలిన కాస్త కూడా పోతుంది. ఇప్పుడక్కడ ఉన్నది గొడుగు లేని పాలీకార్బనేట్. దాన్ని మే నెల ఎండలో నిలబెడితే, మొదటిసారి ఏళ్లు పట్టిన పని ఈసారి నెలల్లో అవుతుంది. రుద్దడం సగం పని, పూత మిగతా సగం. మైనం పాలిష్ ఈ పూతకు బదులు కాదు, కొన్ని వారాల్లో కడుక్కుపోతుంది.

పూతల్లో రకాలున్నాయి. తుడిచి వేసే ద్రవాలు సులువు, త్వరగా అరుగుతాయి. ఎండకో, యూవీ దీపానికో గట్టిపడేవి ఇంకా మెరుగు. డెంటింగ్, పెయింటింగ్ షెడ్లలో కారు బాడీకి వేసే హార్డెనర్ కలిపిన టూ-కే క్లియర్ కోట్, యూవీని అడ్డుకునే రకమైతే, గట్టిగా నిలుస్తుంది. అయితే దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకు చాలా చెడ్డవి, బట్ట మాస్కు వాటిని ఆపదు. ఇంటి గ్యారేజీలో చేసుకునే పని కాదు. పూత వేసేముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తుడవాలి. దుమ్ము లేని చోట వేసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఆరనివ్వాలి. కొన్ని పూతలు 1000 లేదా 2000 పేపర్ గరుకు మీదే బాగా పట్టుకుంటాయి, వాటికి ముందు మెరిపించకూడదు. ఇక్కడ షాపతని అలవాటు కంటే డబ్బా మీది సూచనే మాట.

పూతకు బదులు పారదర్శక ఫిల్మ్ అంటించడం ఇంకో దారి. ఖర్చు కొంత ఎక్కువైనా, పాడైతే ఫిల్మ్ ఊడదీసి కొత్తది వేసుకోవచ్చు.

టూత్‌పేస్ట్, దోమల మందు, ఆవిరి

టూత్‌పేస్ట్ చేసేది అబద్ధపు పనేమీ కాదు. అందులో మెత్తటి రాపిడి పొడి ఉంటుంది, పైపైన ఉన్న మసక తీస్తుంది. గట్టిగా మసకబారిన లైటు మీద అది చాలదు, పూత ఎలాగూ ఇవ్వదు.

దోమల మందు స్ప్రే కథ వేరు. వీడియోల్లో స్ప్రే కొట్టి తుడవగానే మాయలా మెరుస్తుంది. డీట్ అనే దోమల నివారిణి, అలాంటి ద్రావకాలు ప్లాస్టిక్ పైపొరను కరిగిస్తాయి. కరిగిన పొర గుంటల్లో సర్దుకుని కాసేపు నునుపుగా కనిపిస్తుంది. తర్వాత జిగటగా మారి, దుమ్ము పట్టి, చీలికలిస్తుంది. థిన్నర్, అసిటోన్, పెట్రోలు కూడా అంతే. ఒకసారి లోపల చీలికలు మొదలైతే ఏ పేపరూ వాటిని తీయలేదు.

ఇప్పుడు పెద్ద నగరాల్లో కొత్తగా కనిపిస్తున్నది ఆవిరి పద్ధతి. కెటిల్ లాంటి చిన్న కప్పులో ద్రవం పోసి వేడిచేసి, గొట్టం ద్వారా వచ్చే ఆవిరిని రుద్దిన లైటు మీద పడతారు. క్షణాల్లో గాజులా అయిపోతుంది, చూడ్డానికి నిజంగా అద్భుతం. సీసా మీద ‘పాలిమర్’ అని రాసి ఉన్నా, ఆ ద్రవాల్లో సాధారణంగా ఉండేవి డైక్లోరోమీథేన్, క్లోరోఫాం లాంటి ద్రావకాలు. మొదటిది ఒంట్లోకి వెళ్లి కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది, రెండోది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2024లో డైక్లోరోమీథేన్‌ను మామూలు వినియోగదారులకు అమ్మకుండా నిషేధించింది. మన షాపుల్లో ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు మూసి ఉన్న గదిలో, మాస్కు లేకుండా, రోజుకు పది లైట్లకు ఈ ఆవిరి పడుతుంటారు. మీ లైటుకు అది కొత్త పూతను ఇవ్వడం లేదు, ఉన్న ప్లాస్టిక్‌నే కరిగించి నునుపు చేస్తోంది. అతని ఊపిరితిత్తుల ఖర్చు బిల్లులో ఉండదు.

మార్చాల్సి వస్తే

మెకానిక్‌లు ఇప్పటికీ దాన్ని ‘హెడ్‌లైట్ గ్లాస్’ అనే అంటారు, గాజు పోయి పాతికేళ్లయినా. ఢిల్లీ కశ్మీరీ గేట్, చెన్నై పుదుపేట, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల బాగా అమ్ముడుపోయే మోడళ్లకు ఆ ముందు భాగం ఒక్కటే విడిగా దొరుకుతుంది. పాత యూనిట్‌ను వేడిచేసి, సీలెంట్ మెత్తబడ్డాక విప్పి, కొత్తది అతికిస్తారు. చవకైన దారే. ప్రమాదమల్లా అతుకు సరిగ్గా పడకపోతే మొదటి వానకే లోపల చెమ్మ చేరడం. ఇంకోటి, అలా విడిగా దొరికే చాలా వాటికి ఎండ పూత ఉండదు. ఏడాది రెండేళ్లలో మళ్లీ మొదటికే వస్తారు.

పూర్తి యూనిట్ కొనేటప్పుడు ప్లాస్టిక్ మీద అచ్చువేసిన గుర్తులు చూడండి. వృత్తంలో ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం, పక్కన దేశం సంఖ్య ఉంటే ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల ప్రకారం ఆమోదం పొందిందని అర్థం. అలాంటి గుర్తును నకలు చేయడం కూడా కష్టం కాదు, కాబట్టి ఎక్కడ కొంటున్నామన్నదీ ముఖ్యమే. పాత లైట్లు కొంటే ఇంకో జాగ్రత్త: రోడ్డుకు కుడివైపు నడిపే దేశాల నుంచి వచ్చిన యూనిట్ల లో బీమ్ కుడివైపు పైకి లేస్తుంది. మన రోడ్డు మీద అది సరిగ్గా ఎదుటివారి కళ్లలోకి వెళుతుంది. శ్రీలంక, బంగ్లాదేశ్, పాకిస్తాన్‌లు జపాన్ పాత కార్లు తెచ్చుకోగలగడానికి ఒక కారణం జపాన్‌లోనూ ఎడమవైపే నడపడం.

ధర విషయానికొస్తే, హాలోజన్ బల్బు ఉన్న చిన్న కార్ల యూనిట్లు వేలల్లో అయిపోతాయి. ఎల్ఈడీలు యూనిట్‌లోనే అమర్చిన కొత్త మోడళ్లలో అలా కాదు, బల్బు విడిగా మార్చే వీలుండదు. విలాస కార్లలో ఒక్క లైటు లక్ష దాటడం వింతేమీ కాదు. అలాంటి కారుకు లైట్లు కొత్తగా ఉన్నప్పుడే ఫిల్మ్ వేయించడం దండగ ఖర్చనిపించదు.

వెలుతురు తగ్గింది కదా అని 60/55 వాట్ల బల్బు తీసి 100/90 వాట్లది వేయడం మన దగ్గర సర్వసాధారణం. మసక పొర వెనుక అది చెదిరే వెలుతురునే పెంచుతుంది. వేడికి రిఫ్లెక్టర్, హోల్డర్, వైరింగ్ కాలతాయి. అప్పటిదాకా రుద్దితే సరిపోయే లైటు మార్చాల్సిన లైటుగా మారుతుంది.

చట్టం ఏమంటుంది?

రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ తప్పనిసరి. సొంత కారుకు పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ సమయంలో పరీక్ష ఉంటుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో హెడ్‌లైట్ కూడా పరీక్షించాల్సిన అంశమే. ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లలో దాన్ని యంత్రంతో కొలుస్తారు. అంటే సొంత కారు లైట్లను ప్రభుత్వం తరఫున ఎవరైనా చూసేది పదిహేనేళ్లకు. జపాన్‌లో కొత్త కారుకు మూడేళ్లకు, ఆ తర్వాత రెండేళ్లకోసారి తనిఖీ. అక్కడ లో బీమ్‌లో ఒక్కో లైటు కనీసం 6,400 క్యాండెలాలు ఇవ్వాలి. 2024 ఆగస్టు నుంచి దశలవారీగా లో బీమ్‌తోనే పరీక్షించే పద్ధతికి మారుతుండటంతో, మసకబారిన లైట్లు ఇప్పుడు అక్కడ నేరుగా ఫెయిలవుతున్నాయి.

పాత కారు కొనేవాళ్లకు ఒక మాట. అమ్మకానికి ముందు లైట్లు మెరిపించడం మామూలే. పదేళ్ల కారుకు లైట్లు మాత్రం తళతళలాడుతుంటే, మార్చారా, రుద్దారా, రుద్దితే పూత వేశారా అని అడగండి. రెండు లైట్లలో ఒకటే కొత్తదైతే ఆ వైపు ఎప్పుడో గుద్దుకుని ఉండొచ్చు, బానెట్ తెరిచి చూడాల్సిందే.

ఏ పని చేయించినా చివర్లో చీకటి పడ్డాక సమతలమైన చోట, గోడకు ఏడెనిమిది మీటర్ల దూరంలో కారు నిలిపి లో బీమ్ వేయండి. రెండు వెలుగుల పైహద్దులు ఒకే ఎత్తులో, లైటు ఎత్తు కంటే కాస్త కిందగా, స్పష్టంగా కనిపించాలి. యూనిట్ విప్పి బిగిస్తే ఆ ఎత్తు మారిపోతుంది, వెనుక ఉండే స్క్రూతో సరిచేయమని అడగండి. రెండోసారి నేను పూత వేయించాక ఈ పరీక్ష చేస్తే కుడి లైటు ఒక జానెడు పైకి చూస్తోంది. సరిచేయడానికి మెకానిక్‌కు ఐదు నిమిషాలు పట్టింది.